గుమ్మం దాటనివ్వని మహాసభ

"వీసా ఇబ్బందుల వల్ల కొందరు ప్రతినిధులు హాజరు కాలేకపోయారు."

ఆ మహాసభ నివేదికలో ఈ వాక్యం చివరి పేజీలో, భోజనాలు ఏర్పాటు చేసినవారికి కృతజ్ఞతలు చెప్పిన పేరా కింద ఉంది. చదివిన రోజే దాన్ని డైరీలో ఎక్కించుకున్నాను. మామూలుగా డైరీలో నా అభిప్రాయాలు రాయను. ఎవరు వచ్చారు, ఏ పని జరిగింది, వాన పడిందా లేదా, అంతవరకే. ఆ వాక్యం కింద మాత్రం గీత గీశాను. మళ్లీ గీశాను. కాగితం చిరిగింది. ఇప్పుడు మీకోసం ఆ పేజీ తీస్తే చిరుగు అలాగే ఉంది, కోపమూ అలాగే ఉంది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చిన మీరంతా, నా సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి రాయమన్నారు. మందుకి లొంగని రోగం గురించో, వరదల్లో పడవ మీద మందులు పంచిన సంగతో రాస్తానని అనుకొని ఉంటారు. అవీ ఉన్నాయి. కానీ ఇది రోగం కథ కాదు. రోగం పూర్తిగా నయమైపోయి చాలా ఏళ్లయ్యాక జరిగిన కథ.

నేను కుష్టు నివారణ పనిలో చేరి, కోనసీమలో లంకలూ తోటలూ సైకిలు మీద తిరిగి, చివరి సంవత్సరాల్లో అమలాపురం దగ్గర ఒక ధర్మాసుపత్రిలో పాదాల సంరక్షణ విభాగం చూసుకుంటూ రిటైరయ్యాను. ఈ జబ్బు గురించి మీకు పాఠం చెప్పక్కర్లేదు గానీ ఒక్క సంగతి గుర్తుచేస్తాను, ఈ కథకి అది అవసరం. మందు జబ్బుని చంపుతుంది. అప్పటికే చచ్చిన నరాన్ని మాత్రం బతికించదు. జబ్బు పోతుంది, స్పర్శ తిరిగి రాదు. కాల్లో ముల్లు విరిగినా తెలియదు. తెలియదు కాబట్టి దానిమీదే నడుస్తారు. నడిస్తే పుండు, పుండు ముదిరితే వేలు, తర్వాత పాదం.

అందుకని ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో ప్రతి మంగళవారం నయమైనవాళ్లంతా చేరేవారు. బేసిన్లలో నీళ్లు పోసి కాళ్లు నానబెట్టుకోవడం, గట్టిపడిన చర్మం రాయితో గీకడం, తడి ఆరకముందే కొబ్బరినూనె పట్టించడం. ఇంతే పని. పుస్తకాల్లో అయితే అద్దం పెట్టి ఎవరి పాదం వాళ్లు చూసుకోమని ఉంటుంది. మా షెడ్డులో అది నిషేధం. ఎవరి కాలు వాళ్లు చూసుకోకూడదు, పక్కవాళ్లు చూడాలి. ఆ నియమం పెట్టింది మా పెద్దక్క.

పెద్దక్క అంటే షెడ్డులో చేరే నయమైనవాళ్ల సంఘానికి అధ్యక్షురాలు. నాకంటే కొన్నేళ్లు చిన్నదే అయినా అందరూ అలా పిలుస్తుంటే నాకూ అదే అలవాటయింది. ఉప్పలగుప్తం దాటి సముద్రం వైపు వెళితే వచ్చే ఒక పల్లె వాళ్లది. మగవాళ్లు వేటకి వెళ్లేవారు, ఈమె ఎండుచేపలు అమ్మేది. జబ్బు ఆలస్యంగా బయటపడటం వల్ల చేతివేళ్లు వంగిపోయాయి, కొసలు అరిగిపోయాయి. రేషను దుకాణంలో యంత్రం మీద ఆమె వేలిముద్ర పడేది కాదు. "నా ఏళ్లు దొంగతనానికి బాగా పనికొత్తాయండి, ముద్ర దొరకదు" అనేది.

నియమం ఎందుకు పెట్టావని అడిగితే ఆమె చెప్పిన మాట డైరీలో ఉంది. "నొప్పి తెలీనోడు అద్దంలో చూసుకున్నా ఏం లేదనే అంటాడండి. ఏం లేదనుకోడం సుఖం గదండీ."

షెడ్డులో కూర్చున్నవాళ్లు ఎవరైనా సరే చెప్పులు విప్పాల్సిందే. మా ఆసుపత్రి డాక్టరమ్మగారికీ తప్పలేదు. నాకు సుగరు ఉంది, దానివల్లా పాదాల్లో స్పర్శ తగ్గుతుంది కాబట్టి పెద్దక్క నా కాళ్లు మరీ శ్రద్ధగా చూసేది.

ఒకసారి మా అంతర్జాతీయ సంఘం అధ్యక్షుడు ఆ షెడ్డుకి వచ్చాడు. ఈ జబ్బు మీద పనిచేసే డాక్టర్లు, నాలాంటి ఉద్యోగులు, నయమైనవాళ్లు, అన్ని దేశాలవాళ్లూ అందులో సభ్యులు. కొన్నేళ్లకొకసారి ఏదో ఒక దేశంలో మహాసభ జరుగుతుంది. అధ్యక్షుడు తెల్లజుట్టు పెద్దమనిషి, విదేశీ డాక్టరు. పెద్దక్క ఆయన చేత కూడా బూట్లు విప్పించింది. కొత్త బూట్లు, మడమ మీద బొబ్బ. ఆవిడ అది చూపించి తల అడ్డంగా ఊపితే ఆయన పడీపడీ నవ్వాడు. తర్వాత ఎక్కడ ఉపన్యాసమిచ్చినా ఆ సంగతి చెప్పేవాడట. వచ్చే మహాసభలో మొదటిరోజు పెద్ద వేదిక మీద ఆమె మాట్లాడాలని ఆయనే పట్టుబట్టాడు.

ఆహ్వానం వచ్చిన రోజు షెడ్డు పెళ్లిపందిరిలా ఉంది. పెద్దక్క వాళ్లవాళ్లు మురమళ్ళ వీరేశ్వరస్వామికి మొక్కుకున్నారు. మా ఫిజియోథెరపిస్టు కుర్రాడు తమ చర్చిలో ప్రార్థన పెట్టించాడు. రెండు వైపుల నుంచీ సిఫారసులు వెళ్లాయి. అడ్డుపడింది మనుషులే.

ప్రసంగం ఆమే తయారు చేసుకుంది. మంగళవారాల్లో కాళ్లు నీళ్లలో పెట్టుకుని అందరి ముందూ చెప్పేది. మొదటి మాటలు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. "నాకు కుష్టు వచ్చిందండి. తగ్గిపోయిందండి. నేను దాక్కోలేదు. మీరూ నన్ను దాచకండి." నేను దాన్ని ఇంగ్లీషులో చెప్పాలి. వేదిక మీద ఆమె పక్కన నిలబడి తర్జుమా చేయడమే నా పని.

పాస్‌పోర్టు వచ్చింది. తర్వాత వీసా దరఖాస్తు. అమలాపురంలో టికెట్లూ వీసాలూ చూసే ఒకతని కొట్లో కూర్చున్నాం. ప్రశ్నలు అతను చదువుతున్నాడు, నేను జవాబులు చెబుతున్నాను. ఒక ప్రశ్న అతని చేత మళ్లీ చదివించాను. మీకు ఎప్పుడైనా ఈ కింది రోగాలు వచ్చాయా అని అడిగి, జాబితాలో కుష్టు పేరు రాశారు. దాని తర్వాతి ప్రశ్న మీరు ఎప్పుడైనా జైలుకి వెళ్లారా అని.

మహాసభ జరిగేది కుష్టు గురించి. దానికి వస్తున్నవాళ్లని ఆ దేశం అడుగుతున్న ప్రశ్న ఇది. సంఘం పెద్దలు హాలు చూశారు, హోటళ్లు చూశారు, విమానాశ్రయం ఎంత దూరమో చూశారు. ఈ ప్రశ్న మాత్రం ఎవరూ చూడలేదు. లేదా చూసి పక్కన పెట్టారు. రెండింట్లో ఏది ఎక్కువ తప్పో నాకు ఇప్పటికీ తేలలేదు.

"లేదని పెట్టేద్దాం సార్, అందరూ అదే చేత్తారు" అన్నాడు కొట్టతను. పెద్దక్క వద్దంది. ఆసుపత్రికి తిరిగివచ్చాం. డాక్టరమ్మగారు ఆలోచించి, వైద్యం దృష్టిలో ఆమెకి ఏ జబ్బూ లేదు, లేదని రాస్తే పాపమేమీ కాదన్నారు. ఫిజియో కుర్రాడు అక్కా అక్కా అని బతిమాలాడు. ఒక్క గీత పెడితే అంత పెద్ద సభలో నీ మాట వినపడుతుంది కదా అన్నాడు. ఆమె అందరి మాటా విని నెమ్మదిగా చెప్పింది.

"నేనెల్లేది నాకు కుష్టు వచ్చిందని చెప్పడానికండి. గుమ్మంలో రాలేదని చెప్పి, లోపలికెల్లి వచ్చిందని చెప్పమంటారేటండీ? అప్పుడు నా మాటెవరు నమ్ముతారండి? నేనే నమ్మను."

డాక్టరమ్మగారు దరఖాస్తు నా ముందుకి జరిపారు.

సరే, నిజమే రాశాం. రాసి ఊరుకోలేదు. దానికి నయమైందన్న సర్టిఫికెట్టు జతచేశాం. ఈ పనిలో ఉన్నవాళ్లు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు ఇది. ఆ సర్టిఫికెట్టు మాకు మంత్రం లాంటిది. సర్వీసు మొదటి రోజుల్లో దాన్ని సంచిలో పెట్టుకుని పల్లెలకి వెళ్లి, అరుగుల మీద అందరికీ వినపడేలా చదివేవాణ్ణి. చదివాక, వంటింట్లోకి రానివ్వని అత్తగార్లు రానిచ్చారు, బావి దగ్గర తోడనివ్వనివాళ్లు తోడనిచ్చారు. అది ఎన్ని తలుపులు తెరిచిందో కళ్లారా చూసినవాళ్లం. ఒక దేశం తలుపు తెరవదా అనుకున్నాం. డాక్టరమ్మగారు ముద్ర వేసి, సంతకం పెట్టి, ఒకసారి ఊది ఆరబెట్టి మరీ ఇచ్చారు.

తిరస్కరించినట్టు వచ్చిన కాగితంలో రెండే వాక్యాలు. ప్రజారోగ్య కారణాల వల్ల అని ఒకటి, దీనిమీద అప్పీలు లేదని ఒకటి. ఆమెకి ఒకప్పుడు కుష్టు వచ్చిందని మేమే ముద్రవేసి రుజువు చేసి పంపాం.

ఆ దేశం మీద వచ్చిన కోపం రెండు రోజులు ఉండి చల్లారింది. పరాయివాళ్లు, వాళ్ల భయాలు వాళ్లవి. అసలు కోపం మా అంతర్జాతీయ సంఘం జవాబు చూశాక వచ్చింది. జరిగింది వివరంగా రాసి, స్థలం మార్చమని అడిగాను. వాళ్ల జవాబు చాలా మర్యాదగా ఉంది. ఎంతో చింతిస్తున్నామన్నారు. మనది వైద్య సేవా సంస్థ, రాజకీయ సంస్థ కాదు, ఆతిథ్యమిచ్చే దేశం చట్టాల్లో, రాజకీయాల్లో తలదూర్చడం మన సంప్రదాయం కాదన్నారు.

నేను రాజకీయాలకి ఎప్పుడూ దూరంగా ఉన్నవాణ్ణి. ఎన్నికల రోజుల్లో టీకొట్టు దగ్గర కూడా నిలబడేవాణ్ణి కాదు. కాబట్టి ఆ ఒక్క మాటతో నా నోరు మూతపడాలి. మూతపడలేదు. ఇంటికి పిలిచినవాడే గుమ్మంలో ఒకరిని ఆపేస్తే, అదేమిటని అడగడం రాజకీయమవుతుందా? నోరుమూసుకుని భోంచేసి రావడం రాజకీయం కాదా? ఆ రాత్రి డైరీలో మొదటిసారి అభిప్రాయం రాశాను.

డాక్టరమ్మగారు ఊరుకోక, వీడియోలో మాట్లాడేందుకు అధ్యక్షుణ్ణి ఒప్పించారు. ఆవిడ గదిలో బల్ల మీద కంప్యూటరు. ఇటువైపు ఆవిడ, నేను, పెద్దక్క. అటువైపు అధ్యక్షుడు, కమిటీ సభ్యురాలొకావిడ. పెద్దక్క ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. వంగిన చేతులు బల్ల కింద పెట్టుకోలేదు, పైనే పెట్టింది.

అధ్యక్షుడు నిజంగానే బాధపడ్డాడు, అది నటన కాదు. మాట్లాడిందంతా సభ్యురాలే. ఆవిడ వాదన గట్టిది, అది దాచను. చట్టాలు చూసి దేశాన్ని ఎంచుకోవాలంటే మచ్చలేని దేశం ఎక్కడుందని అడిగింది. "మీ దేశంలోనే మొన్నమొన్నటి దాకా ఈ జబ్బుంటే విడాకులు ఇవ్వచ్చని చట్టం ఉండేది కదా. ఒక దేశంలో ఒకరికి ప్రవేశం లేదు, ఇంకో దేశంలో ఇంకొకరికి లేదు. ఇలా తీసేసుకుంటూ పోతే సభే ఉండదు."

నేను తర్జుమా చేశాను. విడాకుల మాట దగ్గర నా గొంతు కొంచెం తగ్గింది. ఆ చట్టం వల్ల పుట్టింటికి చేరినవాళ్లు మా షెడ్డులోనే ఉన్నారు.  జవాబు పెద్దక్కే చెప్పింది.

"నిజవేనండి. ఆ చట్టం ఉన్నప్పుడు ఇక్కడ పెట్టినా తప్పేనండి. ఇక్కడా పెట్టొద్దనేదాన్ని" అంది. మళ్లీ అంది. "ఆ దేశం మంచిదా, చెడ్డదా అని నేనడగట్లేదండి. దొరలు ఎలా ఏలుతున్నారో నాకేం తెలుసును. మీ సభ ఎవరి కోసవో, ఆళ్లని లోపలికి రానిత్తారా లేదా? అదొక్కటే అడుగుతున్నానండి."

సభ్యురాలు రాసుకుంది. అధ్యక్షుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. స్థలం ఎంపిక పద్ధతి ప్రకారమే జరిగిందనీ, మరోసారి పరిశీలించినా అందులో లోపమేమీ కనబడలేదనీ, ఇప్పుడు మార్చడానికి సమయం లేదనీ అన్నాడు. ఆమె ప్రసంగం వీడియో తీసి పంపితే వేస్తామన్నాడు. లేదా నేను వచ్చి ఆమె బదులు చదవచ్చన్నాడు.

లోపమేమీ కనబడలేదన్న మాట విన్నాక పెద్దక్క ముందుకి వంగింది.

"దొరగారూ, మీరు మా సెడ్డుకి వచ్చేరు. మా నియమం మీకు తెలుసును. ఎవరి కాలు ఆళ్లు చూసుకోకూడదు. మీ కాలు మీరు చూసుకుని ఏం లేదంటున్నారు. పక్కన కూకుని మేం చూత్తన్నావండి. పుండుంది."

నేను మాట పోకుండా ఇంగ్లీషులో చెప్పాను. నా జీవితంలో అంత జాగ్రత్తగా ఏ వాక్యమూ తర్జుమా చేయలేదు. ఆయనకి అర్థమైంది. ముఖం ఎర్రబడింది, చూపు కిందికి దిగింది. ఇక ఒప్పుకుంటాడనే అనుకున్నాను. డాక్టరమ్మగారు బల్ల కింద నా మోచేయి పట్టుకున్నారు కూడా. ఆయన ధన్యవాదాలు చెప్పి, చాలా విలువైన మాట అని, సెలవు తీసుకున్నాడు.

మర్నాడు కమిటీ ఆఫీసు నుంచి కబురు వచ్చింది. వీడియో ఎంతసేపు ఉండాలో, వెనక గోడ ఏ రంగు ఉంటే బాగుంటుందో చెప్పారు.

పెద్దక్క వీడియో ఇవ్వనంది. "పెళ్లికి పిలిచి, ఇంట్లోకి రానివ్వకుండా వీధిలో ఇస్తరేత్తే తింటావేటండీ?" తన సమయం తనకే ఉంచమని, ఇంకెవరికీ ఇవ్వవద్దని మాత్రం నా చేత రాయించింది. పేరు పిలవండి, ఎందుకు రాలేదో చెప్పండి, ఆ కాసేపూ ఊరికే కూర్చోండి అని. పరిశీలిస్తామని జవాబు వచ్చింది.

ఇక మా ఇద్దరి ప్రయాణం సంగతి. నాకూ, సంఘం సభ్యుడిగా మాతో బయల్దేరాల్సిన ఫిజియో కుర్రాడికీ వీసాలు వచ్చేశాయి. మా ఒళ్లు శుభ్రం కదా. నేను వెళ్లనన్నాను. అతను ఒప్పుకోలేదు.

"కోపం సరే సార్. మనమూ మానేస్తే ఆ కుర్చీ ఎందుకు ఖాళీగా ఉందో అక్కడ చెప్పేవాడెవడు? ఇంట్లో కూర్చున్న కోపం ఎవరికి కనపడుద్దండీ?"

నేను గట్టిగానే అన్నాను. వెళ్లి ఆ హాల్లో కూర్చుంటే, వాళ్లు మనల్నే లెక్కలో చూపించి అందరూ వచ్చారంటారన్నాను. చాలాకాలం కలిసి పనిచేసినవాళ్లం, ఆ వారం మాటలు తగ్గిపోయాయి. చివరికి తీర్పు చెప్పింది పెద్దక్కే. "ఎల్లు బాబూ, ఎల్లి చూసిరా. మనోళ్లెవరో ఒకళ్లు కళ్లతో చూడాలి. నా మాట మాత్రం నీ నోట్లో ఎట్టుకోకు." నన్ను వెళ్లమని అడగలేదు. నేనూ వెళ్లలేదు. ఇద్దరిలో ఎవరిది ఒప్పో మీరే ఆలోచించండి. నాకు నా పంతమే నచ్చుతుంది గానీ, అతను వెళ్లకపోయి ఉంటే తర్వాతి సంగతి మాకు తెలిసేది కాదు.

మహాసభ మొదటిరోజు మంగళవారం. షెడ్డు నిండా జనం, బేసిన్లలో కాళ్లు. ఫోను మధ్యలో స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాం. సాయంత్రమవుతుండగా మోగింది. అందరికీ వినపడేలా పెట్టాను.

ఫిజియో కుర్రాడు అక్కణ్ణుంచి మాట్లాడాడు. పెద్దక్క పేరు పిలవలేదట. ఆ సమయం ఖాళీగా ఉంచలేదట. ఆ దేశపు మంత్రిగారు శుభాకాంక్షలు చెప్పడానికి వస్తే, ఆయన ఆలస్యంగా రావడం వల్ల సర్దుబాటు చేయాల్సి వచ్చిందని, పెద్దక్క సమయం ఆయనకి ఇచ్చారట. హాలంతా లేచి నిలబడిందట. కుర్రాడు లేవలేదట.

రాజకీయాలు మాకు పడవన్నవాళ్లు మంత్రిని పిలిచారు. ఏ ప్రభుత్వం ఆమెని గుమ్మంలో ఆపిందో, ఆ ప్రభుత్వం మనిషికే ఆమె సమయం ఇచ్చారు. మీలో ఎవరైనా, ఏ దేశంలో సభ పెడితే ఏమిటి, రాజకీయాలు మనకెందుకు అనే పెద్దమనిషిని కలిస్తే ఈ సంగతి చెప్పండి. మనం గుమ్మం బయట ఆపేది రాజకీయాల్ని కాదు, మనుషుల్ని. రాజకీయం ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చుంటుంది.

"ఏం మాట్లాడేడు బాబూ, ఆ మంత్రి?" అని అడిగింది పెద్దక్క.

"ఎవరినీ వెనక వదిలెయ్యకూడదన్నాడక్కా."

పెద్దక్క ఫోను వైపు వంగింది. "ఆయ్. అందుకనే ముందెల్లి తలుపేసేడు" అంది. మూలనుంచి ఎవరో నవ్వారు, తర్వాత షెడ్డంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆ సాయంత్రం ఆమె మళ్లీ ప్రసంగం ఎత్తలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ ఎత్తగా నేను వినలేదు.

తర్వాత కొన్నాళ్లకి, వీసా ఇబ్బందులన్న ఆ వాక్యంతో నివేదిక వచ్చింది. నేను రిటైరయ్యాను. అయినా మంగళవారాలు షెడ్డుకి వెళ్తూనే ఉన్నాను. ఈమధ్య డాక్టరమ్మగారు సంఘం సర్క్యులరొకటి నా చేతికిచ్చారు. వచ్చే మహాసభ ఎక్కడ పెట్టాలో సభ్యులంతా చెప్పాలట. మీకూ వస్తుంది. వచ్చినప్పుడు నింపి పంపేయకండి, ముందు చదవండి.

నేను పెద్దక్కకి చదివి వినిపించాను. నా కుడికాలు ఆమె ఒళ్లో ఉంది. విమానాశ్రయం ఎంత దూరం, హాల్లో ఎందరు పడతారు, చుట్టుపక్కల చూడదగ్గ ప్రదేశాలేమిటి. అన్నీ విని, ఇంకేమీ లేదా అని అడిగింది. లేదన్నాను.

"కిందదాకా చూడండి."

"చూశానమ్మా. ఏమీ లేదు."

ఆమె వంగిన వేళ్లతో నా మడమ ఒకచోట నొక్కింది.

"ఇక్కడ నొప్పుందాండీ?"

"లేదు."

"చీలిందండి. రక్తం కూడా వచ్చింది. మీకు తెలీట్లేదంతే" అని, నా కాలు నీళ్లలో పెట్టింది. "మావోళ్లని లోపలికి రానిత్తారా అని ముందు ఆ కాయితం మీద రాయండి. తరవాత కట్టు కడతాను."

రాశాను.